స్విచ్ వేశాక

మంగళవారం పొద్దున లోవర్ హట్‌లో ట్రైన్ ఎక్కబోతుంటే ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయిండు బిడ్డా" అన్నారు. ట్రైన్ వెళ్లిపోయింది, నేను ప్లాట్‌ఫామ్ మీదే ఉండిపోయాను.

ఈ దేశానికి చదువుకోవడానికొచ్చిన కొత్తలో వాళ్లింటి వెనక గదిలో అద్దెకు దిగాను. మూడోరోజే అంకుల్ గరాజ్‌లోకి పిలిచి ఒక రేకు బోర్డు చూపించారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. స్విచ్ వేస్తే రేకు అదురుతుంది, ఆ అదురుకి వేలెడంత ప్లాస్టిక్ ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే కదులుతారు. ఊరంతా రగ్బీ చూస్తుంటే ఈ వరంగల్ మనిషికి ఆ ఆట ఎలా పట్టుకుందో నాకిప్పటికీ తెలీదు. "బొమ్మలు ఆడతయి, మీరు చూస్తరు. దానికి ఇద్దరు మొగోళ్లా?" అని ఆంటీ వంటింట్లోంచి దెప్పేవారు.

మొదటి ఆటలో అందరికంటే వేగంగా పోయేవాడికి బంతి ఇచ్చాను. వాడు మనవాళ్లనే దాటిపోయి అవతలి గుంపులో పడ్డాడు. అంకుల్ పడీపడీ నవ్వారు. "బంతి నిదానంగ పొయ్యేటోనికియ్యాలె. ముందటోళ్లు తోవ చేస్తరు, వాడు ఎనక పోతడు."

బొమ్మ అడుగున సన్నటి పుల్లలుంటాయి. వాటిని గోటితో కాస్త వంచితే బొమ్మ ఆ పక్కకి తిరుగుతుంది. అంకుల్ ఒక్కో బొమ్మకీ అరగంట కూర్చునేవారు. ఇంత చేశాక కూడా బొమ్మ దారి తప్పితే నేను వేలు పెట్టబోయేవాణ్ని. "స్విచ్ ఏసినంక చేతులెనుకకు" అనేవారు. ఇది ఆటా, శిక్షా అని ఒకసారి అడిగేశాను కూడా. ఆయన తర్వాతి ఎత్తుకి బొమ్మలు పేర్చుకున్నారు.

ఆయన పోయేముందు ఆస్పత్రిలో మూడు రోజులు మంచం పక్కన నిలబడ్డాను. డాక్టర్లు చేసేదేదో చేస్తున్నారు. నావల్ల అయ్యేది ఏమీ లేదు. చూసుకుంటే నా చేతులు వెనక్కే ఉన్నాయి. ఆయన మీద కోపం కూడా వచ్చింది.

అంత్యక్రియలయ్యాక ఆంటీ గరాజ్ తలుపు తీశారు. ఆదివారం నాకు చూపిస్తానన్న కొత్త ఎత్తు బోర్డు మీద పేర్చినట్టే ఉంది. కదిపితే బొమ్మలు పడిపోతాయి. "ఒక్కసారి స్విచ్ ఎయ్ బిడ్డా, జూస్త" అన్నారు.

వేశాను. ముందున్న నలుగురూ ఎడమకి తిరిగారు. దారి తెరుచుకుంది. బంతివాడు నిదానంగా బయల్దేరి, చివరి గీతకి జానెడు దూరంలో ఎందుకో ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. నా వేలు ముందుకెళ్లింది.

"చేతులెనుకకు" అన్నారు ఆంటీ.

ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. వాడు తిరుగుతూనే ఉన్నాడు. స్విచ్ ఆపడానికి ఇద్దరికీ మనసు రాలేదు.