మా ఆవిడ గీసిన విమానాల దారులు

మొన్న మా చెల్లెలి కూతురు జగ్గయ్యపేట వచ్చి రెండు రోజులుంది. సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే, చాలా ఎత్తున, సన్నటి తెల్లచార వదులుతూ విమానం ఒకటి పోతోంది. పిల్ల తన ఫోను అటువైపు ఎత్తి పట్టుకుని, అది ఎక్కడ బయలుదేరిందో, ఎక్కడ దిగుతుందో, ఎంత ఎత్తులో ఉందో అన్నీ ఒక్క క్షణంలో చదివి వినిపించి, “చూశావా మావయ్యా!” అంది. చూశానన్నాను. తను బట్టలు తీసుకుని కిందికి వెళ్ళిపోయాక కూడా నేను పిట్టగోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ పిల్లకు తన అత్తయ్య, అంటే మా ఆవిడ, సరిగా గుర్తు లేదు. ఫోనులో ఇప్పుడు తను చూసే విమానాల దారుల గీతలను ఇరవై ఏళ్ళకు ముందే, నందిగామలో ఒక మేడ మీద గదిలో కూర్చుని, వాళ్ళ అత్తయ్య ఒక్కొక్కటిగా గీసిందని చెబితే నమ్ముతుందో లేదో కూడా తెలియదు.

మా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల మధ్యలో కంప్యూటర్ సెంటరంటే చెప్పులు బయట విడిచి, పరదా తొలగించుకుని, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళే చోటు. నందిగామ బస్టాండు ఎదురు సందులో మాకు అలాంటిదొకటి ఉండేది. మూడు యంత్రాలు, ఒక ప్రింటరు, గోడకు ఒక నల్లబల్ల. నేను జమాఖర్చుల ప్యాకేజీలు నేర్పేవాణ్ణి. మా ఆవిడ బీయస్సీ లెక్కలు చదివి, పెళ్ళికి ముందు బెజవాడలో ఏడాదిపాటు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది; ఆ క్లాసులు తను చెప్పేది. నిజం చెప్పాలంటే మా సెంటరుకు పిల్లలు వచ్చింది తన పాఠం కోసమే. కంచికచర్ల నుంచి, చందర్లపాడు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు, పైకి అనేవాణ్ణి కాదు.

మా మామగారు నందిగామ బస్టాండులో కంట్రోలరుగా చేసేవారు. వచ్చే బస్సు, పోయే బస్సు రాసుకుని, మైకులో చెప్పే ఉద్యోగం. మా ఆవిడ చిన్నతనంలో బడి వదలగానే ఆ గదిలో బెంచీ మీద కూర్చుని లెక్కలు చేసుకునేదట. ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఏ ఊరికి ఎక్కడ మారాలో తనకు ఎక్కాలు వచ్చినట్టు వచ్చేవి. బస్సు ఎక్కకపోయినా అది ఎక్కడికి పోతుందో తెలిస్తే సగం వెళ్ళినట్టేనని అంటుండేది. అందుకే కంప్యూటరు చేతికి రాగానే సరదాకు తను మొదట రాసిన ప్రోగ్రాము బస్సులదే. చందర్లపాడు నుంచి వీరులపాడు వెళ్ళాలంటే ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలో అది చెప్పేది. మామగారు దాన్ని నాలుగైదు ప్రశ్నలడిగి, ఇదంతా నాకు యంత్రం లేకుండానే తెలుసు కదమ్మా అని నవ్వి, ఆ మర్నాడు డిపోలో అందరికీ చెప్పుకున్నారు.

బస్సుల నుంచి విమానాలకు ఎలా వెళ్ళిందంటే, బెజవాడలో ట్రావెల్ ఏజెంటు ఒకాయన మామగారికి స్నేహితుడు. ప్రపంచంలోని విమానాలన్నింటి వేళలూ ఉండే ఇటుకరాయంత పుస్తకం ఒకటి ఆయనకు వచ్చేది. కొత్తది రాగానే పాతది పారేసేవాడు. మామగారు ఒకసారి ఆ పాతదాన్ని కండక్టరు చేత తెప్పించి కూతురికిచ్చారు. అంతే. ఆ మధ్యాహ్నం మా ఆవిడ అన్నం తినడం మర్చిపోయింది.

ఆ తరవాత మూడు నాలుగేళ్ళపాటు, మధ్యాహ్నం పిల్లలు లేని రెండు గంటలూ, అదీ కరెంటు ఉన్న రోజున, తను ఆ పుస్తకం ముందేసుకుని కూర్చునేది. స్కూలు అట్లాసు మీద స్కేలు పెట్టి ఊళ్ళ స్థానాలు కొలిచేది. తెర మీద ప్రపంచపటం, ఊరి పేరు కొడితే అక్కడి నుంచి విమానం పోయే ఊళ్ళన్నింటికీ గీతలు విచ్చుకునేవి. రెండు ఊళ్ళ పేర్లు కొడితే ఎక్కడ మారాలో చెప్పేది. కొత్త దారి ఏదైనా దొరికితే చాలు, “ఏమండీ, ఒక్కసారి ఇటు రండి” అని పిలిచేది. పేరైనా పలకలేని ఏదో ద్వీపానికి వారానికి ఒకటే విమానం ఉందని చూపించి, ఆ రోజు తప్పిపోతే వాళ్ళంతా ఏం చేస్తారండీ అని నిజంగానే బాధపడేది. నేను ఒక చేత్తో హాజరు పుస్తకం పట్టుకుని చూసి, బాగుందని చెప్పి వెనక్కి వచ్చేవాణ్ణి.

నందిగామకు ఇంటర్నెట్ వచ్చాక, ఉచితంగా చోటిచ్చే ఒక వెబ్‌సైటులో తను ఆ ప్రోగ్రామును పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, ఏమీ ఇవ్వనక్కర్లేదు, తప్పులుంటే చెప్పండి, అని రాసింది. నెల తిరక్కుండా ఈమెయిలులో ఉత్తరాలు మొదలయ్యాయి. విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు లోకమంతా ఉన్నారని మాకప్పుడే తెలిసింది. ఎక్కడో ఒక రిటైరైన మాస్టారు తన దేశంలో ఆగిపోయిన దారులు ఏరి పంపేవాడు. ఒకామె, భర్త ఓడలో పనిచేస్తాడట, అతను దిగే రేవు నుంచి ఇంటికి ఏ దారిన వస్తాడో మీ పటంలో పెట్టుకుని చూస్తుంటానని రాసింది. ఇంకొకాయన మీ పటంలో విమానాశ్రయం లేని నందిగామ అనే ఊరుంది, దాని నుంచి రెండు గీతలు వేరే రంగులో ఉన్నాయి, పొరపాటేమో చూడండి అన్నాడు. పొరపాటు కాదండి, అది మా ఊరు, ఆ గీతలు బస్సులు, అని మా ఆవిడ జవాబిచ్చింది.

ఇక్కడిదాకా చెప్పడం సులువు.

జగ్గయ్యపేటలో మా వాళ్ళింట్లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, మా పెద్దనాన్నగారు నన్ను ఎవరికో పరిచయం చేస్తూ, విమానాల ప్రోగ్రాము రాసిన అమ్మాయి ఉందే, ఆ అమ్మాయి భర్త, అన్నారు. ఆయన గొప్పగానే అన్నారు. నేనూ నవ్వాను. భోజనాల దగ్గర మాత్రం విస్తరి సగంలో వదిలేసి లేచాను. సెంటరు పెట్టింది నేను, బోర్డు మీద పేరు నాది. ఆ మాట ఆ రోజే ఎవరితోనైనా అనేసి ఉంటే బాగుండేది. లోపలే దాచుకున్నాను.

అలాంటి రోజుల్లోనే బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. విమానాలంటే ఇష్టమున్న కొందరు అక్కడ ఒక రోజు కలుసుకుంటున్నారు, మీరు వచ్చి మీ ప్రోగ్రాము చూపించాలి, అంటూ హైదరాబాదు బేగంపేట నుంచి పోను రాను విమానం టిక్కెట్టు కొరియరులో పంపించారు. అన్ని వేల దారులు గీసిన మనిషి అప్పటికి విమానాన్ని దగ్గర నుంచి చూడలేదు. టిక్కెట్టును నాకూ, మామగారికీ, సెంటరు కింద కొట్లో ఉండే టైలరుకూ చూపించింది. జగ్గయ్యపేట వెళ్ళి లేత పసుపు చీర ఒకటి కొనుక్కుంది.

సరిగ్గా ఆ రోజుకే మా సెంటరుకు గుర్తింపు ఇచ్చే సంస్థవాళ్ళు తనిఖీకి వస్తున్నామని రాశారు. కాగితాల్లో టీచరుగా ఉన్నది మా ఆవిడ పేరు, తను ఉండి తీరాలి. ఇది నిజమే, నేను కల్పించింది కాదు. ఆ కాగితాన్ని తను రెండుసార్లు చదువుకుంది. తరవాత, “పోన్లెండి. మన సెంటరు కదా” అంది. రావడం కుదరకపోవచ్చునని బొంబాయివాళ్ళకు రాసింది.

ప్రయాణానికి మూడు రోజుల ముందు ఇంకో ఉత్తరం వచ్చింది. తనిఖీ రెండు వారాలు వాయిదా పడింది. పోస్టుమాన్ ఇచ్చేసరికి నేను ఒక్కణ్ణే ఉన్నాను. చదివాను. మడిచి, డ్రాయరులో కాగితాల అడుగున పెట్టాను. ఎందుకు పెట్టావయ్యా అంటే ఈ వయసులో చెప్పగలిగింది ఇంతే. పెళ్ళిలో విన్న మాట ఒకటి, బొంబాయి నుంచి తిరిగొచ్చాక ఇంకెన్ని వినాలోనన్న భయం ఒకటి. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు చెబుదాంలే అనుకున్నాను.

ప్రయాణం కావలసిన రోజు ఉదయం మా ఆవిడ పెందలాడే లేచి తలంటు పోసుకుని, ఆ పసుపు చీర కట్టుకుని వచ్చి నాకు కాఫీ ఇచ్చింది. కొత్త చీరేమిటని అడిగాను. “ఊరికేనండి. కట్టుకోవాలనిపించింది” అంది. కాఫీ తాగినంతసేపూ గుమ్మంలోనే నిలబడింది. ఆరున్నరకు హైదరాబాదు బస్సు హారన్ కొట్టుకుంటూ మా సందు మొదటి నుంచి వెళ్ళిపోయింది. అది వెళ్ళాక తను లోపలికి పోయి పాతచీర కట్టుకుని, పిండి రుబ్బడానికి కూర్చుంది. నేను పేపరు చదువుతున్నాను.

టిక్కెట్టును రిజిస్టర్డు పోస్టులో తిప్పి పంపేసింది. తనిఖీ తేదీ మార్చారట అని నేనంటే తల ఊపింది. తనిఖీ బాగా జరిగింది. ఆ తరవాత కూడా తను ప్రోగ్రాము మానలేదు; ఆరు నెలలకోసారి కొత్త వేళలు చేర్చి పెడుతూనే ఉంది. కాకపోతే ఏమండీ ఇటు రండి అని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. పిలవడం లేదని నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

నాలుగేళ్ళు గడిచాక తనకు జబ్బు చేసింది. కడుపులో గడ్డ అన్నారు, అది మామూలుది కాదన్నారు. వైద్యానికి పదిహేను రోజులకోసారి బెజవాడ వెళ్ళివచ్చేవాళ్ళం. ఒకరోజు తిరిగి వస్తుంటే కంచికచర్ల దగ్గర మిర్చి లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. ఎండ. కిటికీ పక్కన తల ఆనించుకుని కూర్చున్న మనిషి, ఉన్నట్టుండి, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అంది.

“ఆ ఉత్తరం నేను చూశానండి.”

“ఏ ఉత్తరం?” అన్నాను గానీ, అనేలోపే నాకు అర్థమైంది.

“ఇన్స్పెక్షను వాయిదా పడిందని రాసింది. ప్రింటరు రిబ్బను కోసం డ్రాయరు తీస్తే కనపడింది. వచ్చిన రోజునే.”

“మరి నన్నడగలేదే?” అన్నాను.

“అడిగితే పంపిస్తారు. అడక్కుండా పంపిస్తారేమోనని చూశా. బ్యాగు కూడా సర్దుకున్నా. ఆరున్నర బస్సు పోయేదాకా చూశా.” నా వైపు తిరిగి, “మీరు ఏడవకండి, అందరూ చూస్తున్నారు” అంది.

ఇప్పుడు వెళదాం, నీకెక్కడికి కావాలంటే అక్కడికి వెళదాం అన్నాను. తను నవ్వింది. “బస్సు కిటికీ దగ్గరే వాంతొస్తోంది. విమానమెక్కి పక్కవాళ్ళ మీద కక్కమంటారా?” అంది. అయినా నేను ఊరుకోలేదు. గన్నవరం నుంచి హైదరాబాదుకు గంట ప్రయాణమైనా చాలనుకుని డాక్టరుగారిని అడిగాను. ఇప్పుడొద్దు, కొంచెం కోలుకోనివ్వండి అన్నారు. తను కోలుకోలేదు. ఆ చలికాలంలోనే పోయింది.

పదకొండో రోజున అందరూ వెళ్ళిపోయాక మామగారు నా పక్కన కూర్చున్నారు. ఆయనకు ఉత్తరం సంగతి తెలియదు. “పిల్లను ఒక్కసారన్నా ఎక్కించలేకపోయాం బాబూ మనం” అన్నారు. ఆ నేరంలో ఆయన తనను కూడా కలుపుకున్నారు. కాదు మామయ్యగారూ, మీరు కాదు, నేను, అని చెప్పాలి. చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆయనా పోయారు.

కొత్త వేళలు రాలేదేమని ఉత్తరాలు వస్తుంటే, వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె ఇక లేరని రాశాను. ఆ వారమంతా జవాబులు వచ్చాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, మా ఇంట్లో ఎవరో పోయినట్టుందని రాశారు. ఆమెకు ఏ ప్రయాణం ఇష్టమని ఒకరడిగారు. ఆ ప్రోగ్రామును నేనే కొనసాగిద్దామని విప్పి కూర్చున్నాను. ఇంగ్లీషక్షరాల్లో తెలుగుమాటలు పెట్టి తనకోసం రాసుకున్న గుర్తులు మాత్రం చదవగలిగాను. ‘ఇక్కడ బస్సు దిగాలి’, ‘ఈ దారి ఎండాకాలమే’, అలాంటివి. మిగిలింది నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళు పక్కగదిలో ఉండి నేర్చుకోలేదు. కొన్నాళ్ళకు ఆ ఉచిత వెబ్‌సైటును మూసేశారు, మా యంత్రమూ చెడిపోయింది. ఏ పనికైనా రెండో కాపీ పెట్టుకోమని వందల మంది పిల్లలకు చెప్పినవాణ్ణి, నా దగ్గర ఒక్క కాపీ లేదు.

సెంటరు తీసేసి జగ్గయ్యపేట వచ్చేశాను. హైవే వెడల్పయింది, బస్సులు ఇప్పుడు ఊళ్ళోకి రాకుండా బయటి నుంచే పోతున్నాయి. ఒకప్పుడు మనిషి కూర్చుని ఏళ్ళ తరబడి గీసింది ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. ఎవరు గీశారని అడిగేవాళ్ళు లేరు, అడగాల్సిన పనీ లేదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఉద్యోగాల మీద ఢిల్లీ అనీ బొంబాయి అనీ తిరుగుతుంటారు. టిక్కెట్టు కొనుక్కున్నాక ఇంట్లో చెబుతున్నారట. వాళ్ళ తండ్రులు ఆ మాటను కాస్త ఫిర్యాదుగా, కాస్త గర్వంగా నాతో అంటుంటారు. చాలా మంచిదండి, అలాగే ఉండాలి, అంటాను. మనస్ఫూర్తిగానే అంటాను. ఆ తరవాత ఇంటికొచ్చి, డాబా మీదికి వెళ్ళి ఆకాశం వంక చూస్తాను.