తడిగుడ్డ కింది పిండిముద్దలు

దయ్యాల కబుర్లు నాకు పడవు. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో, బాత్రూముల దగ్గర ఎవరో కనిపించారని హాస్టల్ పిల్లలు గుంపులుగా వెళ్తుంటే, నేను ఒక్కదాన్నే బకెట్ పట్టుకుని వెళ్లి స్నానం చేసి వచ్చేదాన్ని. ఇప్పటికీ దయ్యమంటే భయం లేదు. నా భయాలన్నీ వేరు. పాపకు జ్వరమొస్తే భయం, మెట్ల మీద కాలు జారుతుందేమోనని భయం, అన్నం తినకపోతే భయం. ఈ సంగతి ఆ చివరి భయంతోనే మొదలైంది.

మా ఆయన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తడలో అద్దెకుంటున్నాం. ఈ రోజు ఆయనకు నైట్ షిఫ్టు, పాప నిద్రపోయింది, అందుకే రాయడానికి కూర్చున్నాను. 

మొన్న వేసవిలో మా నాయన గుండెపోటుతో చనిపోయాడు. మా పాప నిత్యకు నాలుగేళ్లు. సెలవు దొరికితే చాలు, సత్యవేడు వైపున్న మా ఊరికి వెళ్లిపోయేవాళ్లం. నాయన చెరువులో గాలం వేసి చేపలు పట్టి, పులుసు పెట్టించి, ముళ్లు తీసి తన చేత్తోనే దానికి తినిపించేవాడు.

ఆయన పోయాక నిత్య నోరు మూసేసింది. పాలు, బిస్కెట్లు, అంతే. ముద్ద దగ్గరికి తెస్తే తల తిప్పేసేది. స్నానం చేయించేటప్పుడు వీపు ఎముకలు నా చేతికి తగిలేవి. తిరుపతిలో డాక్టరు రక్తపరీక్ష చూసి, ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి నరానికి సెలైన్ ఎక్కించాల్సి వస్తుందన్నాడు.

ఆ తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు, గోడకు ఆనించిన గాలపు కర్రను చూసి నిత్య, "తాత చేప తింటా" అంది.  పరుగున బజారుకు వెళ్లి చేపలు తెచ్చాను. అమ్మ పులుసు పెట్టింది. నిత్య ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "ఇది తాత చేప కాదు."

సరే, తాత గాలంతో తాత చెరువులోనే పడతానన్నాను. జీవితంలో ఒక్క చేపనూ పట్టినదాన్ని కాదు.

నాయన వానపాములు గుచ్చేవాడు కాదు. ఆయన ఎర పిండిముద్దే. ఆ పిండిలో ఏమేం వేసేవాడో అమ్మను అడిగాను.

"నాకేం తెలుసు అమ్మణ్ణీ? ఆ పిండి ముట్టుకుంటే మీ నాయన నా సెయ్యి ఇరిచేంత పని చేస్తా ఉండె. వంట చేసే సేతులకు పోపు వాసన ఉంటాదంట, చేపలు రావంట. ఊరి చేపలన్నీ ఆయనకు సుట్టాలైనట్టు!"

నాకు తెలిసినట్టు గోధుమపిండి, బెల్లం కలిపి పిసికి, నిత్యను వెంటబెట్టుకుని బయల్దేరాను. చెరువు గట్టు మీద నాయన జతగాడు మునిరత్నం మామ అప్పటికే గాలం వేసుకుని కూర్చున్నాడు. నా ముద్దను చిదిమి నాలుకకు రాసుకున్నాడు.

"ఏంది అమ్మణ్ణీ, చేపలకు చపాతీలు వడ్డిస్తా ఉండావా? కుర్మా యాడ?"

అప్పుడు తెలిసింది. చెయ్యి అలవాటు కొద్దీ పిండిలో ఉప్పు, నూనె వేసేసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎండ ఎక్కేదాకా గాలపు దారానికి కట్టిన బెండు కదల్లేదు. నీళ్లలో పిండి విడిపోయి తెల్లగా తేలింది.

నాయన ముద్ద ఎలా చేసేవాడో నీకైనా తెలుసా అని మామను అడిగాను.

"ఇన్నేళ్లు పక్కన కూసోని అడిగినా. నీ ముద్ద నువ్వు చేసుకోప్పా అనేవాడు."

మామ తనకు పడిన జిలేబీ చేపనిచ్చాడు. నిత్య చూస్తూనే ఉంది కదా, అది తాత గాలానికి పడింది కాదని దాన్ని ముట్టనే లేదు.

మరుసటి ఉదయం మళ్లీ మొదలుపెట్టాను. చిన్నప్పుడు దూరం నుంచి చూసింది గుర్తు చేసుకుని రాగి సంగటి కెలికాను. అంగట్లో కొన్న, నూనె తీసిన చెనక్కాయ చెక్కను పొడి చేసి, బెల్లం చేర్చాను. ఈసారి ఉప్పు డబ్బానే అటక మీద పెట్టించాను. అంతా ఒకే పెద్ద ముద్దగా పిసికి, గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పి, వంటింటి గట్టు మీద ఉంచాను.

ఇంతలో వీధిలో పిల్లలు "రాకెట్! రాకెట్!" అని అరిచారు. శ్రీహరికోటలో రాకెట్ వదిలితే మా మిద్దె మీదికి కనిపిస్తుంది. మిద్దె మెట్లు ఇంట్లో నుంచే. కుక్కలొస్తాయని ముందు తలుపు, వెనక తలుపు రెండూ లోపల్నుంచి గొళ్లెం పెట్టి ఉన్నాయి. నిత్యను చంకనేసుకుని నేను, వెనకే అమ్మ, ముగ్గురం పైకి ఉరికాం. నిప్పుముద్ద మబ్బుల్లోకి దూరింది, కాసేపటికి ఉరుము లాంటి మోత వచ్చింది. నిత్య చప్పట్లు కొట్టింది. మోత ఆగగానే ముగ్గురం కలిసే దిగాం.

గుడ్డ తీశాను. పెద్ద ముద్ద లేదు. గిన్నె నిండా నిమ్మకాయంత ఉండలు, వరసగా పేర్చి ఉన్నాయి.

ప్రతి ఉండ మీదా బొటనవేలు నొక్కిన గుంత ఉంది. మామూలు వేలు కాదు. ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క వాలుగా తెగినట్టు. మా నాయన పడుచు వయసులో చిత్తూరు దగ్గర చెరుకు గానుగలో పనిచేశాడు. గానుగలో పడి బొటనవేలి కొస వాలుగా తెగిపోయింది.

ఒక ఉండను విరిచాను. లోపల గట్టి పిండి లేదు. పొడి తవుడు, దాంట్లో నలిపిన సోంపు. వంటింట్లో గుప్పుమని వాసన. నాయన ముద్ద లోపల బోలుగా చేసి తవుడు నింపేవాడని నాకు తెలియదు, అమ్మకూ తెలియదు. బర్రెను అమ్మేశాక మా ఇంట్లో గుప్పెడు తవుడు కూడా లేదు. సోంపు మేము వాడం. అది నాయన చొక్కా జేబులో ఉండేది.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. గిన్నెను నా చేతికిచ్చి, "చేపలు తెల్లారితోనే బాగా తింటాయి, బిరీన పో" అంది.

ఇక చెరువు దగ్గర జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. బెండు నీళ్లలో కుదురుకోకముందే మునిగింది. కర్ర విల్లులా వంగింది. నేను అరుస్తున్నాను, గట్టు మీద కూర్చోబెట్టిన నిత్య అరుస్తోంది, మునిరత్నం మామ తన గాలం వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"లాగొద్దు, లాగొద్దు! తెంపుకోని పోతాది! కొంచెం వదులు... ఆ, ఇప్పుడు లాగు తల్లీ!"

నా మోచేతి పొడవున్న రోహు. తర్వాత జిలేబీలు, ఒకదాని వెంట ఒకటి. ముద్ద నీళ్లలో పగిలి తవుడు మబ్బులా విచ్చుకోవడం గట్టు మీది నుంచే కనిపించింది. చేపలు ఎందుకు ఎగబడేవో అప్పుడు అర్థమైంది. మామ గిన్నెలోంచి ఒక ఉండ తీసి చూశాడు. గుంతలో తన వేలు పెట్టాడు, పట్టలేదు. ఉండను మెల్లగా గిన్నెలో పెట్టేసి, కాలి చెప్పులు విడిచి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం నిత్య పళ్లెం ముందు తనే వచ్చి కూర్చుంది. ముళ్లు తీసి ముద్ద పెట్టాను. తింది. నోరు తెరిచి, "ఇంకా" అంది. ఆ రోజు నుంచి తింటూనే ఉంది. ఆస్పత్రిలో చేర్చే అవసరం రాలేదు.

తర్వాత నేను చాలా ఆలోచించాను. నేనే తెలియకుండా చేశానేమో అనుకుని పిండి మీద నా వేలు, అమ్మ వేలు నొక్కి చూశాను. కలవలేదు. అయినా ముగ్గురం మిద్దె మీద ఉన్నాం, గొళ్లేలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పోనీ ఎవరో వచ్చారనుకున్నా, ఆ వేలు ఎక్కడి నుంచి తెచ్చారు?

ఒక ఉండను చేపలకు వెయ్యలేదు. ఎండి రాయిలా అయింది, ఒక స్టీలు డబ్బాలో పెట్టాను. ఇప్పుడు నా పక్కనే ఉంది. మూత తీస్తే ఇంకా సోంపు వాసన వస్తోంది. ఇదేమిటో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశా లేదు.

అమ్మను మాత్రం ఒకసారి గట్టిగా అడిగాను, ఎవరు చేసుంటారే అని. అమ్మ అప్పుడు నిత్యకు అన్నం కలుపుతోంది, తలెత్తలేదు.

"ఎవురు చేసింటే ఏమే? బిడ్డ తినింది గదా."