ముందే చెప్పిన స్తోత్రం

మొన్న పక్కవాటాలో ఉండే అమ్మాయి స్వీట్ల డబ్బా పట్టుకొచ్చింది. బెంగుళూరులో ఉద్యోగమట, ఇక్కడికంటే జీతం బాగా ఎక్కువట. మైసూర్‌పాక్ ముక్క నోటిదాకా తీసుకెళ్ళినదాన్ని ఆగి, "చేరావా అమ్మా, ఇంకా చేరాలా?" అన్నాను. "సోమవారం ఆఖరి ఇంటర్వ్యూ మామ్మగారూ, అది ఊరికే మాటవరసకేనంట" అంది. ముక్క పళ్ళెంలో పెట్టేశాను. ఈ ముసలావిడకి చాదస్తం ఎక్కువని ఆ పిల్ల అనుకునే ఉంటుంది. అనుకోనీ. ఉద్యోగం రాకముందే ఊరికి విందు పెట్టిన ఇంటి కోడలిని నేను.

హైదరాబాదు మనకు రాజధాని అయిన కొత్త రోజులవి. మేము గుడివాడలో ఉండేవాళ్ళం. మా ఆయన చర్చివారి చిన్న బడిలో మాస్టారు. ఇద్దరు పిల్లలు, అత్తయ్య. నెలాఖరుకి బియ్యం డబ్బాలో గరిట అడుగు తగిలేది. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య వచ్చినప్పుడు, ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి కావాలంటున్నారనీ, బావ ఓసారి వచ్చి కనబడితే బాగుంటుందనీ చెప్పి వెళ్ళాడు. జరిగింది అంతే. అత్తయ్య మాత్రం ఆ సాయంత్రమే పాస్టరుగారింటికి వెళ్ళి, కొడుక్కి ఉద్యోగం వచ్చేసిందని చెప్పి వచ్చింది. నేను నెత్తీనోరూ బాదుకుంటే, "అబద్ధం ఎందుకవుద్దే అమ్మాయ్? నమ్మి అడిగాక ముందే స్తోత్రం చెప్పుకోవాలి. వచ్చాక ఎవరైనా చెప్తారు" అంది.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, మన మాస్టారికి రాజధానిలో ఉద్యోగం దయచేసిన దేవునికి స్తోత్రం అన్నారు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. కాదని చెబుదామని సగం లేచిన మా ఆయన మళ్ళీ కూర్చుండిపోయారు. ఇక కృతజ్ఞత కూడిక పెట్టక తప్పలేదు. బందరు నుంచి పెద్దత్తయ్య, కోడూరు నుంచి మావయ్యలు దిగారు. ఇంటిముందు తాటాకు పందిరి, చర్చి బెంచీలు, మాంసం కూర, పప్పుచారు. అందరూ లొట్టలేసుకుంటూ తింటుంటే నేను వడ్డనలోనే ఉండిపోయాను. చేతులు కడుక్కుంటూ బడి మేనేజరుగారు మా ఆయన్ని పిలిచారు. "మీరు బడి గురించి బెంగపడకండి మాస్టారూ. మీ స్థానంలో మా తమ్ముడి కొడుకుని రేపట్నుంచే రమ్మన్నాను. నిశ్చింతగా వెళ్ళిరండి." ఉన్న ఉద్యోగం పోయింది, రావలసింది ఇంకా రాలేదు.

మర్నాడే రైలెక్కారు. ప్రెస్సువాళ్ళు అప్పటికే ఎవరినో పెట్టుకున్నారట. వెనక్కి ఏ మొహం పెట్టుకుని రాను, ఇక్కడే వెతుక్కుంటాను అని కవరు రాశారు. ఆ తర్వాత డబ్బుల్లేకనో ఏమో కార్డులే రాసేవారు. తెచ్చిచ్చే పోస్టుమాను మా సంఘస్థుడే. కార్డు చదివి మరీ ఇచ్చే మనిషి. అందుకని ఎప్పుడూ ఒకటే మాట: క్షేమం, ప్రార్థన చేయండి. అందులో అన్నం తిన్నారో లేదో వెతుక్కునేదాన్ని. అన్నిటికంటే ఆదివారాలంటే భయం. "మీ ఆయనకి అక్కడెలా ఉందమ్మా?" అని గుమ్మంలోనే అడిగేవారు. "బాగానే ఉందండీ" అనేదాన్ని. ఒకావిడైతే వాళ్ళబ్బాయికి కూడా అక్కడే ఏదైనా చూడమని మా ఆయనకి రాయమంది. రాస్తానన్నాను, ఏం చెయ్యను! పాటలో అందరికంటే పైకి వినిపించే అత్తయ్య గొంతు రానురాను వినబడడం మానేసింది. ఇంట్లో శుక్రవారం ఉండే ఉపవాసం బుధవారం కూడా మొదలుపెట్టింది. అది భక్తో, పిల్లలకు మిగల్చడమో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

వానలు వెనకపట్టాక కవరు వచ్చింది. ఒక మందుల కంపెనీ గోడౌనులో గుమాస్తా పని, బడి జీతానికి దాదాపు రెట్టింపు. తలుపు దగ్గరికేసి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చివాల్న లేచి, "పాస్టరుగారితో చెప్పి కూడిక..." అని, సగంలో ఆగిపోయింది. ఊరికి అది ఎప్పుడో వచ్చిన ఉద్యోగం. కొత్తగా ఎవరికి చెప్పుకుంటాం? ఇద్దరం పొయ్యి దగ్గరే మోకరించాం. పక్కింటికి వినబడుతుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాం.

మా ఆయన ఆ కంపెనీలోనే రిటైరయ్యారు. కవరు వచ్చింది ఏ నెలలోనో ఇప్పుడెంత ఆలోచించినా గుర్తురాదు. అది రాకముందు చర్చి గుమ్మంలో నిలబడి "బాగానే ఉందండీ" అన్న ఆదివారాలు మాత్రం, ఇన్నేళ్ళయినా, ఒక్కటీ నన్ను దాటిపోలేదు.