మాస్టారి కళ్ళ మీద తడి దూది

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నరసరావుపేటలో ఒక మిషన్ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా కాంపౌండరుగా పనిచేస్తున్నాను. శవాల గది గుమ్మంలో క్యారియర్ విప్పుకుని అన్నం తిన్న రోజులున్నాయి. ఇప్పుడు రాసేది నేను ఆడిన ఒక అబద్ధం గురించి. దాని వెంట వచ్చి, నాకు ఇప్పటికీ అంతుపట్టని ఒక సంగతి గురించి.

ఈ మధ్య పేపర్లో చదివాను. ఎక్కడో విదేశంలో చనిపోయిన మనిషి గుండె తీసి ఇంకొకరికి పెట్టారట. డాక్టర్ల పేర్లు వేశారు, రోగి ఫోటో వేశారు. గుండె ఇచ్చిన మనిషిని ఆఖరి గంటల్లో ఎవరు కనిపెట్టుకుని ఉన్నారో, ఎలా చూసుకున్నారో ఒక్క ముక్క లేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పదేళ్ళ కిందటి ఎండాకాలం. యోహాను మాస్టారని, రిటైరైన బడిపంతులు, మా వార్డులో తెల్లవారుతుండగా పోయారు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. తన కళ్ళు ఎవరికైనా పెట్టమని ముందే కాగితం రాసిచ్చారు. మా డాక్టరమ్మ గుంటూరులో కంటి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన కారులో వచ్చేసరికి పదకొండు దాటుతుంది. అప్పటిదాకా ఆ కళ్ళను నన్ను చూసుకోమంది. రెప్పలు మూసి ఉంచాలి. పైన తడి దూది ఆరకూడదు. నుదుటి మీద ఐసు సంచి పెట్టాలి. ఎండ తగలకూడదు.

"పోయాడని వదిలెయ్యకు. ఆ కళ్ళు ఇంకా మన పేషెంటే" అంది.

తొమ్మిదింటి దాకా అలాగే చేశాను. అప్పుడు మాస్టారి చెల్లెలు మార్తమ్మ మాచర్ల నుంచి వచ్చింది. వస్తూ వస్తూ ఫోటోగ్రాఫర్‌ను కూడా వెంటబెట్టుకొచ్చింది. పోయినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ అందరూ నిలబడి ఫోటో తీయించుకోవడం మా వైపు మామూలే. గదిలో వెలుతురు చాలదని కుర్చీ ఆవరణలో వేయించాడు ఫోటోగ్రాఫర్.

"ఆ దూది తియ్యి నాయనా. కళ్ళు గూడా తెరువు. మూసుకుంటే చచ్చినట్టుంటది" అంది మార్తమ్మ.

"చచ్చినోడే గదమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"నీ నోట్లో మన్ను పడ! మా అన్నకు ఒక్క ఫోటో అన్నా లేదు. బతికున్నట్టు తియ్యి."

డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. దూది తీశాను. రెప్పలు పైకి లాగి పెట్టాను. తల పక్కకు ఒరుగుతుంటే, కుర్చీ వెనక దుప్పటి కట్టి, నన్ను దాని చాటున కూర్చోమన్నారు. దుప్పటి సందులోంచి చెయ్యి పెట్టి మాస్టారి మెడ పట్టుకున్నాను.

అంతా కుదిరాక, కోటు తెచ్చుకుంటానని మాస్టారి కొడుకు ఇంటికెళ్ళాడు. లేపితే మళ్ళీ ఇలా కుదరదని ఫోటోగ్రాఫర్ మాస్టారిని కదపనివ్వలేదు. ముప్పావు గంట. ఆ ఎండలో, తెరిచిన కళ్ళతో ఆయన, వెనక నేను.

కంటి డాక్టరు వచ్చి అడిగాడు: "దూది మధ్యలో ఎప్పుడన్నా తీశారా?"

"లేదండి" అన్నాను.

ఆయన మాస్టారి కళ్ళను చాలాసేపు చూశాడు. ఒకటే పనికొచ్చేట్టుందన్నాడు. తీసిన ఆ కంటిని పట్టుకుని ఆయనతో పాటు నేనూ గుంటూరు వెళ్ళాను.

ఆ కన్ను పెట్టింది రమణమ్మకు. గురజాల దగ్గర పల్లె ఆమెది. కడుపుతో ఉండగా అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. పుట్టిన కూతురికి మూడేళ్ళొచ్చినా ఆ పిల్ల మొహం చూడలేదు.

ఆపరేషనైన మర్నాడు పొద్దున నేను ఇంకా గుంటూరులోనే, ఆమె గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. కిటికీలు మూసి ఉన్నాయి. రమణమ్మ రెండు కళ్ళకూ కట్టు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు. ఉన్నట్టుండి ఆమె అంది:

"నన్ను ఎండలో కూర్చోబెట్టారేందమ్మా? కళ్ళు మండుతున్నయ్. కుర్చీలోంచి దించండి."

"పడుకునే ఉన్నావు గదే, చీకటి గదిలో" అని నర్సు నవ్వింది.

"మరి నా మెడ పట్టుకున్నదెవరు? ఒక వేలు పొట్టిగా ఉంది."

నా కుడిచేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. చిన్నప్పుడు చొప్ప కోసే కత్తికి పోయింది. అప్పటిదాకా నేను రమణమ్మను ముట్టుకోలేదు. ఆమె ముందు నోరు కూడా విప్పలేదు. చెయ్యి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

కట్టు విప్పాక రమణమ్మ పదకొండు రోజులు కూతురి మొహం చూసింది. ఆ తర్వాత కన్ను తెల్లబడింది. నలిపావా, ఏడ్చావా అని డాక్టరు అడిగాడు. బిడ్డను చూసి ఏడ్చానంది. ఆ మాట అత్తగారు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి పెట్టిన కన్ను పోగొట్టుకుందని ఊరంతా చెప్పింది. గురజాల వైపు నుంచి వచ్చే రోగుల నోట ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. విని మందు కలిపిచ్చి పంపేశాను.

పేపర్లో ఆ వార్త చదివిన వారానికి బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. రమణమ్మ అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అరుగుకు ఆ చివర కూర్చుని, ఫలానా ఆసుపత్రి కాంపౌండరునని చెప్పి, దూది, ఎండ, ఫోటో, డాక్టరుకు చెప్పిన అబద్ధం అన్నీ చెప్పాను. మెడ పట్టుకున్న సంగతి మాత్రం నోట రాలేదు. ఆమె చేతులు ఆగలేదు.

"నాతో కాదన్నా. మా అత్తకు చెప్పు. గట్టిగా చెప్పు, ఆమెకు చెవుడు."

వాకిట్లో మంచం మీదున్న అత్తగారి దగ్గరికెళ్ళి మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి వీధిలో జనం పోగయ్యారు.

"అయితే ఇది ఏడ్చినందుకు కాదా?" అంది ముసలమ్మ.

"కాదమ్మా. నా వల్లే."

ముసలమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏమే, పదేళ్ళ నుంచి నిన్ను ఏడవనియ్యలేదు గదే" అంది.

రమణమ్మ మిరపకాయ కింద పెట్టింది. చెయ్యి మెడ వెనక్కు పోనిచ్చి తడుముకుంది.

"ఇప్పటికి వదిలావన్నా" అంది.

నేను ఆమెకు నాలుగు బారల దూరంలో ఉన్నాను.

ఇసుక సంచుల వల్ల మెడ పట్టేసి ఉండొచ్చు. కట్టు కింద కళ్ళు ఎవరికైనా మండుతాయి. ఎండ తగలకపోయినా ఆ కన్ను నిలిచేది కాదేమో, అదీ చెప్పలేను. వీటన్నిటికీ ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను. పొట్టి వేలుకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. ఇది రాస్తున్నది కూడా ఆ చేత్తోనే.