గోడవైపు తిరిగిన కుర్చీ

మా కుట్టు టీచరుగారు పోయారని ఏలూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మలేకపోవడం కాదు, నిజంగానే అనుమానపడ్డాను. ఎందుకంటే ఆవిడ ఇలాంటి పని ఇదివరకు ఒకసారి చేశారు.

నేను ఆవిడ దగ్గర మెషీన్ ఎంబ్రాయిడరీ నేర్చుకుంటున్న రోజులవి. టీచరుగారికి జ్వరం ముదిరింది, తోడుండే చెల్లెలుగారు కూడా ఊళ్లో లేరు అని కబురొచ్చింది. మేం ఆడపిల్లలందరం ఎక్కడి పని అక్కడ వదిలేసి పవర్‌పేటలో వాళ్లింటికి వానలో తడుస్తూ పరిగెత్తాం. తీరా వెళ్లి చూస్తే ఆవిడ వరండాలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నారు. జ్వరమూ లేదు, గిరమూ లేదు. మమ్మల్ని ఎగాదిగా చూసి, "వచ్చారా, సరే. ఇంటి దగ్గర చేసుకురమ్మన్న పని ఏదమ్మా?" అన్నారు. కంగారులో కూడా పని మర్చిపోనిది ఎవరో చూద్దామని పెట్టిన పరీక్ష అది. ఒక్కరూ నెగ్గలేదు. తిట్టడం అయ్యాక అందరికీ తువ్వాళ్లిచ్చి, అల్లం టీ పెట్టించారు.

అందుకని ఈసారి తాడేపల్లిగూడెంలో రైలెక్కే ముందు నేను కొత్తగా కుట్టిన జిప్పు పర్సు ఒకటి సంచిలో వేసుకున్నాను. చావింటికి వెళ్తూ అదెందుకని మా అత్తగారు అడిగారు. ఏం చెప్పను? ఒకవేళ ఆవిడ వరండాలో బీరకాయలతో కూర్చుని ఉంటే చూపించడానికని చెప్తే బాగుండదు కదా. భీమడోలు దాటేదాకా నాకు ఆ ఆశ ఉంది. ఇంటిముందు టెంటూ, ప్లాస్టిక్ కుర్చీలూ చూశాక కూడా కొంచెం మిగిలింది. లోపల పెట్టెలో, ఛాతీ మీద ముడిచిన ఆ చేతులు చూశాక పోయింది. కుడి బొటనవేలి మొదట్లో కత్తెర ఒరిసి కాయ కాసిన చోటు అలాగే ఉంది. ఆ వేళ్లు అంతసేపు కదలకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు ఏడ్చాను.

ఆవిడ పుట్టింది కైకలూరు అవతల కొల్లేటి అంచున ఒక ఊళ్లో. ఏలూరులో మిషన్ స్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంట్లోనే మాలాంటి వాళ్లకి నేర్పేవారు. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలుగారూ ఆవిడా ఉండేవారు.

మీరు మెత్తని మనసున్న పెద్దావిడను ఊహించుకుంటున్నారేమో. అలా కాదు. ఆవిడకు లోకంలో అనుమానం లేని వస్తువు లేదు. దారం కొంటే కొట్లోనే కాస్త తడిపి, తెల్ల గుడ్డకేసి రుద్దేవారు, రంగు దిగుతుందేమోనని. జిప్పు కొంటే కొట్టువాడు విసుక్కునేదాకా రన్నరు పైకీ కిందికీ లాగేవారు. కత్తెరకు నాడా కట్టి నడుముకు వేలాడేసుకునేవారు. దొంగతనానికి కాదట. మేం దాంతో కాగితాలు కోస్తామని అనుమానం. నిజానికి కోసేవాళ్లమే.

మేం కుట్టింది ఏది తీసుకెళ్లినా పైవైపు చూసేవారు కాదు. "వెనక్కి తిప్పమ్మా" అనేవారు. ముందువైపు నువ్వు నాకోసం కుడతావు, వెనకవైపు నీ పద్ధతి ఉంటుంది అనేవారు. వెనకాల దారాలు గందరగోళంగా ఉంటే ముందు ఎంత అందమైన పువ్వున్నా విప్పించేవారు. నాకు పెళ్లిచూపులైనప్పుడు అబ్బాయి ఎలా ఉన్నాడని ఆవిడ అడగలేదు. వాళ్ల బట్టల కొట్టు వెనక గోడౌను చూశావా అని అడిగారు.

ఆవిడకి పేరు తెచ్చింది గూడబాతు పర్సు. కొల్లేటికి వలస వచ్చే ఆ పక్షి కింది ముక్కుకి సంచి ఉంటుంది కదా, దాన్ని పర్సు మీద అల్లేవారు. మెషీన్ పాదం తీసేసి, గుడ్డని ముందుకు లాగే అడుగు పళ్లు దించేసి, గుడ్డకింద క్యాన్వాసు వేసి రింగులో బిగించి, రింగునే చేతుల్తో తిప్పుతూ కుట్టాలి. సూది ఉన్నచోటే ఉంటుంది, పక్షి దానికింద ఈదుకుంటూ వస్తుంది. ఎంబ్రాయిడరీ అయ్యాక పర్సు కొలతకి కోసిన అట్టముక్క పెట్టి చుట్టూ గీసి, గుడ్డ కత్తిరించి, జిప్పు వేసి, లైనింగు పెట్టి, అంతా తిరగేసి చుట్టూ కుట్టాలి.

ఇక్కడ మాలాంటి కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. చుట్టూ కుట్టే ముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి. లేకపోతే తర్వాత పర్సును బయటికి తిప్పడానికి దారి ఉండదు. రన్నరు లోపల ఉండిపోతుంది. నా మొదటి పర్సుకి నేను ముచ్చటగా జిప్పు మొత్తం మూసి, నాలుగువైపులా రెండేసి వరసలు గట్టిగా కుట్టి తీసుకెళ్లాను. టీచరుగారు దాన్ని బల్లమీద పెట్టి, అందరినీ పిలిచి, తెరవండి చూద్దాం అన్నారు. పిల్లలు పైనుంచి నొక్కారు, పిసికారు, పళ్లతో లాగబోయారు. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుంటే నేను ఏడుపు మొహంతో నిలబడ్డాను. చివరికి ఆవిడే పక్కన కూర్చుని కుట్లు ఒక్కొక్కటే విప్పారు, గుడ్డ చిరక్కుండా. నా గూడబాతుకు ఏమీ కాలేదు. ఆ తర్వాత నేనెప్పుడు చుట్టూ కుట్టబోయినా వెనకనుంచి ఒకటే మాట వినిపించేది. "జిప్పు సగం తీసే ఉందా అమ్మా?"

అన్నీ ఇంత విడమరిచి చెప్పే మనిషి ఒక్కచోట మాత్రం మాకు వీపు చూపించేవారు. ఎంబ్రాయిడరీ పూర్తయి, అట్ట పెట్టి గుడ్డ కత్తిరించే సమయం వచ్చేసరికి, కుర్చీ గోడవైపు తిప్పుకునేవారు. కాసేపు చప్పుడు ఉండేది కాదు. తర్వాత కత్తెర కరకరమని నడిచేది. ఇటు తిరిగేసరికి ముక్క సిద్ధంగా ఉండేది, అంచులు గీత గీసినట్టు.

మాకు అనుమానం రాదా మరి? మాకిచ్చిన అట్ట వేరు, ఆవిడ దగ్గరున్నది వేరు అని తీర్మానించుకున్నాం. బిస్కట్ల డబ్బాలో అసలు అట్ట దాచుకుంటారని ఒకమ్మాయి చూసినట్టే చెప్పింది. ఒకసారి నేను ధైర్యం చేసి, ఆ ముక్క కూడా మావైపు తిరిగి కత్తిరించండి టీచరుగారండీ అన్నాను. "చూపించేదైతే చూపించనా?" అన్నారు. ఆ జవాబుతో నా అనుమానం ఇంకా బలపడింది.

పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చి, మా అత్తవారి బట్టల కొట్టు పక్కనే నేనూ ఒక గది తీసుకుని పర్సులు కుట్టడం మొదలుపెట్టాక అది అనుమానంగా మిగల్లేదు, ముల్లై గుచ్చుకుంది. నా పర్సులకి జిప్పు ఒక కొసన కొద్దిగా పైకి లేచేది. గుడ్డ ఎక్కడో వెంట్రుకవాసి వంకరగా తెగితే జిప్పు ఆ వంకర బయటపెడుతుంది. పెళ్లిలో పంచడానికి పర్సులు కావాలని ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ ఒకటి అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నాయండీ, కానీ ఏలూరు టీచరుగారి చెయ్యి కాదండీ ఇది" అని మర్యాదగానే పెట్టేసి వెళ్లిపోయారు. అంతకాలం ఆవిడ మెషీన్ పక్కనే కూర్చున్న నాకే ఆవిడ ఆ ఒక్కటీ చెప్పలేదు. నన్ను నమ్మలేదా, లేక నేను అంతదాకా రాలేదనుకున్నారా? తేల్చుకోవాలని ఏలూరు వెళ్లినప్పుడల్లా అనుకోవడం, ఆవిడ ఎదుట నోరు మెదపలేక తిరిగి రావడం. ఇంతలో ఆవిడే వెళ్లిపోయారు.

పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక రోజున మళ్లీ వెళ్లాను. పాటలు, ప్రార్థన, భోజనాలు అయి జనం పలచబడ్డాక చెల్లెలుగారి దగ్గర కూర్చున్నాను. ఓదార్చడానికే వెళ్లాను, కాదనను. కానీ కళ్లు మాత్రం బీరువా మీది బిస్కట్ల డబ్బా మీదే ఉన్నాయి. ఆవిడ కనిపెట్టినట్టున్నారు, అడక్కుండానే దింపి నా ఒళ్లో పెట్టారు. అందులో బాబిన్లు, సుద్దముక్కలు, రింగు మరలు, అట్ట ఒకటి ఉన్నాయి. నా సంచిలోంచి టీచరుగారు నాకిచ్చిన పాత అట్ట తీసి దానిమీద పెట్టాను. అంచుకి అంచు సరిపోయింది. తిరగేసి పెట్టాను. అప్పుడూ సరిపోయింది.

ఇక ఆగలేక, కత్తిరించేటప్పుడు గోడవైపు ఎందుకు తిరిగేవారండీ అని అడిగేశాను.

చెల్లెలుగారు డబ్బా మూత పెట్టేశారు. "భయం అమ్మా అక్కకి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పుకొచ్చారు. స్కూల్లో చేరిన కొత్తలో టీచరుగారు చర్చిలో ప్రభువు బల్లమీద పరిచే గుడ్డకి ద్రాక్షగుత్తులు కుట్టారట. ఒక వేసవి అంతా దాని మీదే గడిచిందట. ఆఖర్న అంచు కత్తిరిస్తుంటే కత్తెర పక్కకి వెళ్లి గుత్తి సగానికి తెగిపోయిందట. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆనాటి నుంచి, పూర్తయిన ఎంబ్రాయిడరీకి కత్తెర ఆనించాలంటే ఆవిడ చెయ్యి వణికేది.

"మీరందరూ చూస్తుండగా టీచరు చెయ్యి వణికితే మీకేం ధైర్యం ఉంటదమ్మా? అందుకని అటు తిరిగి, వణుకు తగ్గేదాకా కూర్చునేది. తగ్గాకే కత్తెర పెట్టేది. ఎంతసేపైనా సరే."

నమ్మానా అంటే, పూర్తిగా నమ్మలేదు. ఆవిడ శిష్యురాలిని కదా. అక్క పరువు నిలపడానికి చెల్లెలు అప్పటికప్పుడు అల్లిన కథేమో అనుకున్నాను. అయినా సంచిలోని నా పర్సు తీసి ఆవిడకిచ్చాను, టీచరుగారికి చూపించాలని మొదటిసారి తెచ్చి చూపించలేకపోయినదే. ఆవిడ జిప్పు తీసి, లోపల చెయ్యి పెట్టి, లైనింగు బయటికి లాగి చూశారు, ముమ్మూర్తులా వాళ్లక్కలాగే. బాగుందన్నారు. ఆ మాటనీ నేను అనుమానించాను.

గూడెం వచ్చాక మర్నాడు గదిలో పనికి కూర్చున్నాను. నా దగ్గరా ఇప్పుడు కొందరు అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. టీచరుగారిలా దాచేది లేదని చూపించుకోవడానికి, ఇన్నాళ్లూ నేను వాళ్లెదుటే, మాట్లాడుతూనే, చకచకా కత్తిరించేదాన్ని. ఆ రోజు గూడబాతు బాగా వచ్చింది. దాని కంటిమీద దారం కూడా కుదిరింది. అట్ట పెట్టి గీశాను. కత్తెర తీశాను. ఆ ద్రాక్షగుత్తి గుర్తొచ్చింది.

చెయ్యి వణికింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది, కత్తెర మొనలు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు చేశాయి. నేనేం చేస్తున్నానో నాకు తెలిసేలోపే కుర్చీ గోడవైపు తిరిగిపోయింది. సున్నం పెచ్చులూడిన గోడ. ఆవిడ ఎన్నిసార్లు ఇలా గోడను చూస్తూ కూర్చున్నారో అనుకున్నాను. ఆవిడ మీద అంత ప్రేమ నాకు ఆవిడ బతికుండగా ఎప్పుడూ కలగలేదు.

వెనక ఇద్దరమ్మాయిలు గుసగుసలాడుకుంటున్నారు.

"చూశావా, మేడంగారు ఏదో దాస్తున్నారే."

"అసలు అట్ట వేరే ఉండుంటదే."

కుర్చీ మళ్లీ వాళ్లవైపు తిప్పుకున్నాను. దగ్గరికి రమ్మన్నాను. వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. వాళ్ల కళ్లు నా మొహం మీద లేవు, చేతి మీద ఉన్నాయి. కత్తెర ఇంకా వణుకుతూనే ఉంది. గీత మీద ఆనించకుండా, వాళ్లు చూస్తుండగానే, అది నిలిచేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.