పటం మీంచి తీసేసిన మూడు చుక్కలు

ఆరేళ్లుగా ఒక నది నా గుండెల మీద కూర్చుంది. నేను కళ్లారా చూడని నది. దాని పేరు పలకడం కూడా నాకు సరిగ్గా రాదు.

ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో మా ఆఫీసు పని ఇదీ: దక్షిణ అమెరికా అడవుల శాటిలైట్ ఫొటోల్లో, నదుల అడుగున దొంగచాటుగా బంగారం తవ్వే పడవల్ని వెతికి, అక్కడి అటవీ పోలీసులకు వారం వారం జాబితా పంపడం. వాళ్లకున్నది ఒకే గస్తీ పడవ. అది వెళ్లేసరికి అక్కడేమీ లేకపోతే తప్పు మాది. తప్పులు పెరిగితే కాంట్రాక్టు పోతుంది.

ఒక శుక్రవారం, ఫొటోలు చూసే లావణ్య ఆ నదికున్న చిన్న పాయ మీద మూడు చుక్కలు పెట్టింది. ఆ పాయ దిగువన ఒక ఊరుంది. ఊరివాళ్లు తాగేదీ, చేపలు పట్టేదీ ఆ నీళ్లలోనే. బంగారం వేరుచేశాక తవ్వేవాళ్లు వదిలే పాదరసం విషం చేరేదీ వాటిలోనే.

నేను బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. ఎవరేం చెప్పినా తగ్గించి అడగడం నా జబ్బు.

"మూడెందుకమ్మా, ఒకటుంచు."

"ఇదేమన్న చీరల బేరమా అన్నా? మూడు పడవలు కనపడుతున్నయ్."

"దుంగలేమో. ఈ నెల ఇప్పటికే రెండు ఫాల్స్ అలర్ట్స్ పంపాం."

"దుంగల ఎనక బురద తోక ఉంటదా? జూమ్ చేసి చూడు."

చూశాను. తోక ఉంది, నది అడుగు తవ్వితే లేచే బురద.

"సరే, రివ్యూ చేసి పంపిస్తాలే. నువ్వు ట్రైన్ అందుకో."

ఆమె వెళ్లాక మూడూ తీసేశాను. నమ్మకనా? కాదు, పూర్తిగా నమ్మాను. ఇంకో ఫొటోలోనూ కనిపిస్తే పంపుదామని నాకు నేనే గడువిచ్చుకున్నాను. తర్వాత మూడు వారాలూ అక్కడ మబ్బులే. పాయ శుభ్రంగా ఉందని మా జాబితా చెప్పింది కాబట్టి, పోలీసులు అటువైపు తిరిగే గస్తీ పడవను వేరే చోటికి మార్చారు. మబ్బు విడిచేసరికి పాయంతా బురద. పడవలు లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాను.

"మనం పంపినా పోలేదంటే పోలీసులు అమ్ముడుపోయిన్రన్నా," అంది లావణ్య.

నేను తలూపాను. ఏది పెద్ద తప్పు? చుక్కలు తీసేయడమా, ఆ తలూపడమా? ఇప్పటికీ తేల్చుకోలేదు. కాంట్రాక్టు మాత్రం రెన్యూ అయింది.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ ఫొటోలు తెరుస్తాను. ఊళ్లో పైకప్పులు ఏడాదికేడాది తగ్గుతున్నాయి. ఆ మనుషులు ఎటుపోయారో పైనుంచి తెలియదు.

నా పేరు రాయలేదు, గమనించే ఉంటారు. ఒప్పుకుంటూ కూడా బేరమాడుతున్నాను. కానీ ఆ పోలీసులు అమ్ముడుపోలేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పనివాణ్ణి నేను. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.