కొళాయి గుంతలో పోసింది నేనే

ఎక్కడికి వెళ్లినా కొళాయి తిప్పగానే ముందు నీళ్ల రంగు చూస్తాను. ఇంట్లోవాళ్లు దీన్ని సైన్సు మాస్టారి చాదస్తం అనుకుంటారు. అనుకోనిచ్చాను. ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక మట్టికుండ కూర్చుని ఉందని వాళ్లకు తెలియదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

తొంభైలలో, మద్యనిషేధం నడుస్తున్న రోజుల్లో, తిరుపతిలో ఒక వీధికి మెరక చివర అద్దెకుండేవాణ్ణి. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మా వీధిలో నీళ్లకు బలం లేదు. నేలకు పైనున్న కొళాయిలోకి చుక్క ఎక్కేది కాదు. అందుకని ప్రతి ఇంటి ముందూ నడుంలోతు గుంత తవ్వి, సిమెంటు పూసి, అడుగున కొళాయి పెట్టుకునేవాళ్లం. ఆ వచ్చే నీళ్లు కూడా ఎర్రగా, తుప్పు వాసనతో వచ్చేవి. కొళాయి మూతికి గుడ్డ కట్టి పట్టుకునేవాళ్లం. రెండు రోజులకే గుడ్డ కావిరంగు తేలేది.

అందరూ ఆ నీళ్లను తిట్టుకునేవాళ్లు. నాకు మాత్రం వాటి మీద ఆసక్తి. వీటితో పప్పు సరిగా ఉడకదు, సరే. టీ నల్లబడుతుంది, సరే. మరి ద్రాక్ష వైను దిగుతుందా? ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. తాగుడు మీద యావ కాదు అనుకుంటాను. కొంత ఉండే ఉంటుంది. కానీ పులియడం గురించి ఏటా పిల్లలకు పాఠం చెబుతూ, ఒక్కసారైనా దాన్ని మొదటి నుంచి చివరిదాకా కళ్లారా చూడలేదే అన్న దురద నన్ను నిలవనివ్వలేదు.

వేసవి సెలవులకు నా భార్య పుత్తూరులో పుట్టింటికి వెళ్లింది. నేను నల్లద్రాక్ష కొన్నాను. రెండు కుండలు కొన్నాను. ఒకదానిలో మా కొళాయి నీళ్లు, రెండోదానిలో తిరుచానూరు దగ్గర స్నేహితుడి తోట బావి నుంచి స్కూటరు మీద తెచ్చుకున్న నీళ్లు. మిగతాదంతా సమానం. రోజూ మూత తీసి, వాసన చూసి, నోట్సులో రాసుకునేవాణ్ణి.

పదో రోజుకి బావి నీళ్ల కుండ ఎర్రగా, కమ్మగా ఉంది. కొళాయి నీళ్ల కుండ నల్లబడిపోయింది. నాలుక మీద వేసుకుంటే మేకు చప్పరించినట్టుంది. ద్రాక్ష తొక్కలోని వగరూ నీళ్లలోని ఇనుమూ కలిసి సిరా అయ్యాయి. ఎంత సంబరపడ్డానో! ప్రశ్నకు జవాబు దొరికింది. పనికిరాదు.

ఆ నల్లటి నీళ్లు ఎక్కడ పారబోయాలి? కాలవలో పోస్తే వీధంతా వాసన. పట్టుబడితే ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నం ఎండకు వీధిలో ఎవరూ లేరు. గుంతలో పోసేశాను. గుంత అడుగున కొళాయి తిప్పే ఉంది. నీళ్లొస్తే చప్పుడు వినబడాలని మేమంతా అలాగే వదిలేసేవాళ్లం. సాయంత్రానికి గుంత ఖాళీ. నేల పీల్చుకుంది అనుకున్నాను. సిమెంటు పూసిన గుంత నేలలోకి ఎలా పీలుస్తుంది? పల్లంలో వాళ్లు చివరి నీళ్లు పట్టుకుంటుంటే, ఖాళీ అవుతున్న పైపు, తిప్పి ఉన్న కొళాయిలోంచి మెరకలోని నా గుంతను తాగేసింది. పిల్లలకు చెప్పే పాఠమే. నాకు తట్టలేదు.

మర్నాడు ఉదయం మా ఇంటికి కిందనున్న అయిదిళ్లలో నల్లటి పులిసిన నీళ్లొచ్చాయి. వెంటనే అందరూ మునెమ్మ మీద పడ్డారు.

మునెమ్మది ఆ అయిదిళ్లలో మూడోది. కాళహస్తి నుంచి వచ్చి, ఇంటి ముందు గుడ్డలు పరుచుకుని కలంకారీ బొమ్మలు వేసేది. నలుపు కోసం ఒక కుండలో బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు వేసి పులియబెట్టేది. ఆ కుండ కంపు ఎప్పటినుంచో వీధికి కంటగింపు. ఆమె రంగునీళ్లే పైపులో కలిశాయన్నారు. ఆమె అద్దెకున్న ఇంటాయన నా దగ్గరికి వచ్చాడు.

“సారూ, మీరు సదువుకున్నోళ్లు. మీరు సూసి సెప్తే అదే మాట.”

అందరి ముందూ గ్లాసులో నీళ్లు పోసి కరక్కాయ పొడి వేశాను. ఇంకా నల్లబడింది. “ఇనుముంది” అన్నాను. అబద్ధం కాదు. ఆ వీధిలో ఏ రోజు నీళ్లలో వేసినా నల్లబడేది. పక్కన రెండో గ్లాసు పెట్టి ఆ సంగతి చూపించాల్సినవాణ్ణి, చూపించలేదు. “పులిసిన బెల్లం వాసన కూడా ఉంది” అన్నాను. అది అబద్ధం. మునెమ్మ ఇంటికి పైనున్న రెండిళ్లలో కూడా నల్లనీళ్లు వచ్చాయే, పల్లం నుంచి మెరకకు ఎలా పారాయని ఒక్కరూ అడగలేదు. నాకు తెలుసు. గ్లాసు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం మునెమ్మ ఒక్కతే వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

“నా కుండలో నీళ్లు నల్లగా ఉండవు సారూ. కరక్కాయ పట్టించిన గుడ్డకు తగిలితేనే నలుపు దిగేది. మీకు తెలీదా?”

“తెలుసు” అన్నాను.

ఆమె తన కొళాయికి కట్టిన గుడ్డ విప్పి చూపించింది. అందులో ఒక ద్రాక్ష గింజ.

“మరి ఇది యాడ నుంచి వచ్చినాది?”

“ఎవరో తిని ఊసి ఉంటారు.”

ఆమె నన్ను దాటి ఇంట్లోకి చూసింది. తలుపు వెనక బావి నీళ్ల కుండ ఉంది.

“మీ ఇంట్లో వాసన బాగుండాది సారూ” అంది. గింజను గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు ఇంటాయన ఆమెను ఖాళీ చేయించాడు. బండి మీద సామానంతా ఎక్కాక, ఒక పొడవాటి గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుంది. నల్లగీతలు మాత్రమే పడ్డ గుడ్డ, ఎరుపు ఇంకా పెట్టలేదు. కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు.

ఆమెకు తెలిసింది కదా, ఎందుకు అరవలేదు? మాస్టారి మీద ఆమె మాట ఎవరు నమ్ముతారనా? లేక నేనే చెబుతానని ఆ నాలుగు రోజులూ ఎదురుచూసిందా? ఈ రెండోదే నిజమేమో అనిపించినప్పుడల్లా నా మీద నాకు రోత పుడుతుంది. తర్వాత రెండుసార్లు కాళహస్తి వెళ్లాను. కలంకారీ వేసే వీధుల్లో గుడ్డలు చూశాను. వేస్తున్నవాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

బావి నీళ్ల కుండ ఏమైందని అడుగుతారేమో. తాగాను. ఆమె వెళ్లిన వారానికి. బాగుంది. ఇది రాయడం మిగతా అన్నిటికంటే కష్టంగా ఉంది.

గడప మీది గింజను తీసి ఏం చేశానో గుర్తులేదు. ప్రతిదీ నోట్సులో రాసుకున్నవాణ్ణి, అది మాత్రం రాసుకోలేదు. ఇది చదివి మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ హక్కు ఉన్న మనిషి ఒక్కతే. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది, కాబట్టి ఆ రోజు వీధిలో నిలబడి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. గింజ నా కుండలోది. నీళ్లు నా గుంతలోవి. మునెమ్మ కుండలో ఏ తప్పూ లేదు.